మన ఇంగ్లీషు ముచ్చట్లు – “హీ” అంటే ఎవరు?

కిందటి నెల “ఏ”, “ది” గురించి వ్రాసినదానికి నాలుగు ఉత్తరాలు వచ్చాయి. మూడింటికి జవాబులు విడిగా పంపాను. నాలుగోది ఒక సోదరి వ్రాశారు. వాళ్ళబ్బాయి టీచరు ఏదో సభకు భార్యాభర్తలిద్దర్నీ పిలిస్తే, ఈవిడ కృతజ్ఞతలు చెబుతూ “థాంక్యూ ఫర్ ఇన్వైటింగ్ మై హస్బెండ్ అండ్ ఐ” అని వ్రాశారట. కవరు అంటించబోతుంటే ఏడో తరగతి చదివే ఆ కుర్రాడు లాక్కుని చదివి “అమ్మా, ‘ఐ’ కాదు, ‘మీ’ అనాలి” అన్నాడట. “నేను కాన్వెంటులో చదువుకున్నాను. ‘మీ’ అంటే మోటు అని సిస్టరు బెత్తంతో కొట్టి మరీ నేర్పింది. మా వాడిదా రైటు, నాదా?” అని అడిగారు.

అమ్మా, మన్నించాలి. అబ్బాయిదే రైటు.

ఎందుకో చెబుతాను. దీనికి ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం తెరవనక్కర్లేదు, మన తెలుగు చాలు. “మా వారినీ నన్నూ పిలిచినందుకు” అంటాం కదా? “మా వారినీ నేనూ పిలిచినందుకు” అని పిచ్చివాడు కూడా అనడు. అలాగే “నీకూ నాకూ మధ్య” అంటాం. “నీకూ నేనూ మధ్య” అనం. తెలుగులో ఎంతమందిని కలిపి చెప్పినా ఎవరి విభక్తి వాళ్ళకు తగిలించే తీరాలి. ఇంగ్లీషులోనూ అంతే. “ఇన్వైట్” చేసింది “మీ”ని. “బిట్వీన్” తరవాత వచ్చేది “మీ”. అనుమానం వస్తే పక్కమనిషిని కాసేపు తీసేసి చూడండి. “థాంక్యూ ఫర్ ఇన్వైటింగ్ ఐ” అని ఎవరూ వ్రాయరు. భర్తగారు పక్కన నిలబడినంత మాత్రాన “మీ” కాస్తా “ఐ” అయిపోదు.

కాబట్టి ఈ తప్పు మన తెలుగు నుంచి వచ్చింది కాదు. బెత్తం నుంచి వచ్చింది. “మీ అండ్ మై ఫ్రెండ్ వెంట్” అన్న పిల్లల్ని “ఫ్రెండ్ అండ్ ఐ, ఫ్రెండ్ అండ్ ఐ” అని వందసార్లు వ్రాయించేసరికి, “మీ” అన్న మాటే అశుభం అన్నట్టు మనసులో పడిపోతుంది. ఇక ఎక్కడ ఇద్దరు కనిపించినా “ఐ” వేసేస్తాం. ఇది మనవాళ్ళకే కాదు, ఇక్కడి దొరలకూ ఉన్న జబ్బే. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు టీవీలో కూర్చుని “బిట్వీన్ యూ అండ్ ఐ” అనడం నేను చెవులారా విన్నాను. అంతెందుకు, షేక్స్పియరు “మర్చెంట్ ఆఫ్ వెనిస్” నాటకంలో అంటోనియో వ్రాసిన ఉత్తరంలో ఉన్నది ఈ ప్రయోగమే. సోదరి గారు అబ్బాయి దగ్గర పరువు దక్కించుకోవాలనుకుంటే ఆ మాట చెప్పవచ్చు. టీచరుకు పంపే కాగితం మీద మాత్రం “మీ” అనే వ్రాయండి.

తెలుగు నుంచి వచ్చేది ఒకటి ఉంది. మనం తనను ముందు పెట్టుకుంటాం: “నేనూ మా ఆవిడా వచ్చాం.” వాళ్ళు తనను చివర పెట్టుకుంటారు. “ఐ అండ్ మై వైఫ్” అంటే వ్యాకరణం చెడదు కానీ, వడ్డన మొదలుకాక ముందే విస్తరి ముందు కూర్చున్నట్టు ఉంటుంది వాళ్ళకి. ఇక “మైసెల్ఫ్ అండ్ మై వైఫ్” అంటారు చాలామంది. “మైసెల్ఫ్ సుబ్బారావు” అని పరిచయం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. “ఐ” అంటే గర్వంగా, “మీ” అంటే మోటుగా తోచి, మధ్యే మార్గంగా “మైసెల్ఫ్” వెనక దాక్కుంటాం. అది “నన్ను నేనే”, “నేనే స్వయంగా” అనవలసిన చోట వాడే మాట. “ఐ కట్ మైసెల్ఫ్”, గడ్డం గీసుకుంటుంటే. అంతవరకే దాని పని.

“మా ఆవిడ” అంటే గుర్తొచ్చింది. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక మిత్రుడు తన పై అధికారికి భార్యను పరిచయం చేస్తూ “దిస్ ఈజ్ అవర్ వైఫ్” అన్నాడు. తెలుగులో ఒక్కడే కొడుకైనా “మా అమ్మ” అంటాడు, “మా ఇల్లు” అంటాడు, “మా ఆవిడ” అంటాడు. “నా భార్య” అంటే సినిమాలో విలన్ అన్నట్టు ఉంటుంది. ఆ “మా”లో పదిమంది భర్తలు లేరని ఆ దొరకు ఎలా తెలుస్తుంది పాపం? ఆయన మర్యాదస్తుడు. చెయ్యి కలిపి ఊరుకున్నాడు.

ఇక సర్వనామం పక్కన మరో మాట చేరి బంధం కట్టినప్పుడు వచ్చే చిక్కులు చూద్దాం. “ఉయ్ తెలుగూస్”, “అస్ తెలుగూస్”, ఏది ఎక్కడ? మళ్ళీ అదే చిట్కా. “తెలుగూస్” తీసేసి చూడండి. “ఉయ్ లైక్ పచ్చళ్ళు” కనుక “ఉయ్ తెలుగూస్ లైక్.” “దే ఇన్వైటెడ్ అస్” కనుక “దే ఇన్వైటెడ్ అస్ తెలుగూస్.” మనకు ఇది కొత్తగా ఉండడానికి కారణం ఉంది. తెలుగులో ఆ “మేము” అనేది నామవాచకం తోకలోనే ఉంటుంది. “తెలుగువాళ్ళం” అంటే చాలు, “మేము” అననక్కర్లేదు. “డాక్టరుని” అంటే నేను, “డాక్టరువి” అంటే నువ్వు. ఇంత పొదుపు ఇంగ్లీషుకు లేదు.

“వన్ ఆఫ్ మై ఫ్రెండ్” అనేది మనవాళ్ళ సభల్లో, ఉపన్యాసాల్లో ఎంత విన్నా తరగని మాట. ఇదీ తెలుగు చేసిన తప్పు కాదు. “నా స్నేహితుల్లో ఒకడు” అంటాం గానీ “నా స్నేహితుడిలో ఒకడు” అనం. ఒకడిలోంచి ఒకణ్ణి ఎలా తీస్తాం? “ఫ్రెండ్స్” అనాలి. వెనక క్రియ మాత్రం ఆ ఒక్కడిది: “వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ కమింగ్.”

“ఎవ్రీబడీ హేవ్ కమ్” మాత్రం అచ్చంగా తెలుగే. “అందరూ వచ్చారు” అన్న బహువచనం నాలుక మీద ఉంటుంది. ఇంగ్లీషు “ఎవ్రీబడీ” పదిమంది ఉన్నా ఒక్కడే, “హాజ్ కమ్.” సరే, వచ్చాడు. వచ్చి ఎవరి గొడుగు వాళ్ళు తెచ్చుకున్నారు అనాలంటే? “హిజ్” గొడుగా, “హర్” గొడుగా, “దెయిర్” గొడుగా? మాకు బళ్ళో “హిజ్” అనే నేర్పారు. అందులో ఆడవాళ్ళు కలిసి ఉన్నారని సర్దుకోమన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు, చట్టాల్లో పుంలింగం వాడితే స్త్రీలకూ వర్తిస్తుందని శాసనమే చేసింది. కానీ మామూలు జనం పధ్నాలుగో శతాబ్దం నుంచీ “దెయిర్” అంటూనే ఉన్నారు. 2019లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారు తమ రచనా నియమాల ఏడో కూర్పులో ఒక్క మనిషికి కూడా “దే” వాడవచ్చని ఒప్పుకున్నారు. అదే ఏడు మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు వారు ఆ “దే”నే ఏటి మేటి మాటగా ప్రకటించారు. మా మనవరాలి క్లాసులో ఒక విద్యార్థి తనను “హీ” అనీ “షీ” అనీ కాకుండా “దే” అనమని చెప్పారట. తాతకు అర్థం కాదేమోనని ఆ పిల్ల భయం భయంగా చెప్పింది. నాకేం వింత? “గురువుగారు వచ్చారు” అనే భాష మనది. ఒక్క మనిషి, బహువచనం, ఆడో మగో చెప్పని క్రియ. వాళ్ళకిది కొత్త, మనకిది పాత.

“హీ”, “షీ” తారుమారు చేయడం గురించి ఒక మాట. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కోడలిని “హీ” అంటే పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వేముందు వాళ్ళకిది చెప్పండి. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో మాటల్ని మహత్తులు, అమహత్తులు అని విడదీశాడు. ఏకవచనంలో క్రియ దగ్గర మగవాడిది ఒక దారి, తక్కిన ప్రపంచానిదంతా ఒక దారి. “ఆవిడ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది.” తమిళులకూ కన్నడిగులకూ ఆడవాళ్ళకు విడిగా క్రియారూపం ఉంది, మనకు లేదు. (బహువచనం దగ్గరికి వచ్చేసరికి మన ఆడవాళ్ళు మనుషుల్లో కలుస్తారు: “ఆడవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి.” దీనిమీద మా ఆవిడకు చాలా అభిప్రాయాలున్నాయి. ఇక్కడ చోటు చాలదు.) పైగా తెలుగులో సర్వనామం అనకుండానే సగం కబుర్లు నడిచిపోతాయి. “వచ్చిందా?” “వచ్చింది.” “తెచ్చిందా?” “తెచ్చింది.” అందుకే “పుస్తకం తెచ్చావా?” అంటే మనం “ఎస్, ఐ బ్రాట్” అని ఆగిపోతాం. వాళ్ళు “ఏమిటి తెచ్చావు?” అన్నట్టు ఇంకా చూస్తూ ఉంటారు. “ఇట్” అన్నదాకా ఆ వాక్యం వాళ్ళకు పూర్తి కాదు.

ఇంతవరకూ నవ్వుకునే తప్పులు. ఇక నవ్వుకోలేనిది ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళుగా వ్రాద్దామనుకుంటూ వ్రాయలేదు.

1981 ఫిబ్రవరి. నేను ఆఫీసులో లేను, ప్లాంటు లోపల ఏదో పంపు చెడిపోతే అక్కడ ఉన్నాను. మా తమ్ముడు గుంటూరు నుంచి ట్రంకాల్ చేశాడు. ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తలేదట, మా ఆవిడ పిల్లవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆఫీసుకు చేశాడు. సెక్రటరీ ఎత్తింది. నిమిషానికి ఇంత అని డబ్బు కాలిపోతున్న కాల్, గుర్రుమనే లైను. వాడు తనకు వచ్చిన ఇంగ్లీషులో మూడు ముక్కలు అరిచి చెప్పాడు. ఆవిడ విన్నది విన్నట్టు గులాబీ రంగు చీటీ మీద వ్రాసి నా బల్ల మీద పెట్టింది. మీ తమ్ముడు పిలిచాడు, మీ నాన్న మీ అంకుల్‌ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, “హీ ఈజ్ సీరియస్.”

నేను సాయంత్రం వచ్చి చూసుకుంటే ఆవిడ నవ్వుతూ “మీ నాన్నగారు దేని గురించి అంత సీరియస్‌గా ఉన్నారు?” అంది. ఇక్కడ “హీ ఈజ్ సీరియస్” అంటే హాస్యానికి అనడం లేదు, పట్టుదలగా ఉన్నాడు అని. మన దేశంలో దాని అర్థం వేరని ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. కాళ్ళు చల్లబడ్డాయి.

కానీ “హీ” ఎవరు? నాన్నా, బాబాయా?

నాన్నగారికి అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చి తగ్గింది. బాబాయి రాయిలాంటి మనిషి, తెనాలిలో రోజూ కాలవ గట్టు మీద మూడు మైళ్ళు నడిచేవాడు. ఆయనను తీసుకెళ్ళినాయనే అక్కడ పడిపోయాడేమో? వాక్యం మొదట్లో ఉన్నది నాన్న, కాబట్టి “హీ” నాన్నేనని వ్యాకరణం చెప్పింది. “హీ”కి దగ్గరగా ఉన్నది బాబాయి, కాబట్టి బాబాయేనని అదే వ్యాకరణం మళ్ళీ చెప్పింది. ఆ చీటీ ఎన్నిసార్లు చదివానో. మా ఆవిడ మాట్లాడకుండా సూట్‌కేసు దించి బట్టలు సర్దింది. ఇద్దరు మిత్రులు వచ్చి టికెట్టుకు డబ్బు బల్ల మీద పెట్టారు. మా ఇంట్లో ఫోను లేదు, ఎదురింటి ప్లీడరుగారికి పి.పి. కాల్ బుక్ చేశాను. ఆపరేటరు లైన్లు ఖాళీ లేవు, గంటలు పడుతుందంది. తెల్లవారుజామున నాలుగింటికి మోగింది.

ప్లీడరుగారి అబ్బాయి ఎవరినో పిలుచుకు రావడానికి పరుగెత్తాడు. కాసేపటికి “ఎవరూ, అబ్బాయేనా?” అంది గొంతు. నాన్నగారి గొంతు.

“అమ్మయ్య” అన్నాను. పైకే అన్నాను.

అవతల ఒక్క క్షణం మాట లేదు. “అమ్మయ్య ఏమిట్రా? బాబాయి పోయాడు.”

నా ఇంజనీరింగు ఫీజుకు ఎకరం పొలం తాకట్టు పెట్టిన మనిషి ఆయన. మద్రాసు విమానాశ్రయంలో నన్ను ఎక్కించి, అద్దానికి అవతల చెయ్యి ఊపుతూ నిలబడ్డవాడు ఆయన. ఆయన పోయాడన్న కబురు మొదట విన్నప్పుడు నా నోట వచ్చిన మాట అది. నాన్నగారు ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన పోయేదాకా నేనూ ఎత్తలేదు.

తప్పు తమ్ముడిదీ కాదు, చీటీ వ్రాసిన ఆవిడదీ కాదు. అదే కబురు తెలుగులో అయితే వాడు ఏమనేవాడు? “నాన్న బాబాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, బాబాయికి బాగాలేదు” అనేవాడు. మన ఇళ్ళల్లో “అతడు”, “అతను” ఎక్కడ వాడతాం? వరస పెట్టి పిలుస్తాం, ఒకే మాటలో నాలుగుసార్లు “బాబాయి” అన్నా మనకు ఎబ్బెట్టు కాదు. ఆ ముక్క ఇంగ్లీషులోకి మారేటప్పుడే, చెప్పిన మాట మళ్ళీ చెప్పకూడదని, నామవాచకానికి బదులు సర్వనామం వాడాలని బళ్ళో నేర్చుకున్నది అడ్డం వచ్చింది. ఇంకొకటి. తెలుగులో “రావు మూర్తితో, తను తప్పాడని చెప్పాడు” అంటే తప్పింది రావే. “వాడు తప్పాడని చెప్పాడు” అంటే మూర్తో మరొకడో. ఈ “తను” అనే మాటకు సరైన జోడీ ఇంగ్లీషులో లేదు. అక్కడ రెండింటికీ “హీ” ఒక్కటే. మనకు మనసులో తేడా తెలుస్తూనే ఉంటుంది కనుక, కాగితం మీద ఆ తేడా పోయిందని గమనించం. డాక్టర్లు కేసు షీటులో వ్రాసేటప్పుడు, ఇంజనీర్లు ప్రమాదం రిపోర్టు వ్రాసేటప్పుడు, ఒక వాక్యంలో ఇద్దరు మగవాళ్ళో ఇద్దరు ఆడవాళ్ళో ఉంటే, తరవాతి వాక్యంలో పేరే మళ్ళీ వ్రాయండి. చదవడానికి మొరటుగా ఉంటే ఉండనివ్వండి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ అలాగే వ్రాశాను. నా రిపోర్టులు తిరగవేసి “హీ”లు పెట్టిన అధికారులతో పోట్లాడాను కూడా. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

“ఉయ్” సంగతి చెప్పకుండా ముగించలేను. శుక్రవారం మధ్యాహ్నం నలుగురు సహోద్యోగులు కోట్లు తగిలించుకుంటూ “ఉయ్ ఆర్ గోయింగ్ టు లంచ్” అంటారు. అందులో మనం ఉన్నామా, లేమా? తెలుగులో “మనం వెడుతున్నాం” అంటే లేచి చెప్పులు వేసుకుంటాం, “మేం వెడుతున్నాం” అంటే “మంచిది, వెళ్ళిరండి” అంటాం. తమిళంలోనూ మలయాళంలోనూ ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో లేదు. మొదటి ఏడాదంతా నేను పిలుపు అనుకోక కూర్చుండిపోయాను. నేను కలివిడి మనిషిని కాదని వాళ్ళు అనుకున్నారు.

ఇక్కడ పెరిగిన మన పిల్లలకు ఈ తేడా పట్టుబడదు. అన్నీ వస్తాయి, “మేము” “మనము” మాత్రం కలిసిపోతాయి. “తాతా, మేము పార్కుకు వెళ్దాం” అంటుంది మా మనవరాలు. “వెళ్దాం”లో నన్ను పిలుస్తుంది, “మేము”లో బయట నిలబెడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

2004లో మా అబ్బాయి కాలిఫోర్నియా నుంచి ఫోను చేశాడు. అప్పటికి వాడికి పెళ్ళయి రెండేళ్ళు. తెలుగులో మాట్లాడమని వాళ్ళమ్మ పట్టు, అందుకని కూడబలుక్కుని మాట్లాడతాడు. “అమ్మా, మనం ఇల్లు కొన్నాం” అన్నాడు. వాడు చెప్పదలుచుకున్నది తనూ, కోడలూ కొన్నారని. “మేము” అనాలి. స్పీకరు మీద వింటున్న నేను దిద్దబోతూ నోరు తెరిచాను. మా ఆవిడ ఫోను మీద చెయ్యి మూసింది.

“ఊరుకోండి, వాడు సరిగ్గానే అన్నాడు” అంది.